పసుపు పెట్టిన పెన్‌డ్రైవ్

దేవరాజ్ దుబాయ్ నుంచి వచ్చి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో అతనికి తెలియని సంగతి ఒక్కటి కూడా ఉమారాణికి దొరకలేదు. బోరు మోటరు ఎందుకు కాలుతుందో అతనికి తెలుసు. బర్రె పాలెందుకు తగ్గాయో తెలుసు. పప్పులో ఉప్పు ఎప్పుడు వేయాలో కూడా తెలుసు. వండటం ఒక్కటే తెలియదు. ఇంట్లో ఆడవాళ్ళు ఉన్నారు కాబట్టి దాని అవసరం పడలేదు.

అతను ఆ ఇంటి అల్లుడు, ఉమారాణి ఆడబిడ్డ సాయిలత మొగుడు. ఎల్లారెడ్డిలోని ఆ ఇంట్లో అల్లుడి మాటకు అడ్డం చెప్పే అలవాటు ఎవరికీ లేదు. మామ పొద్దున్నే పొలానికి పోతే చీకటి పడ్డాకే రావడం, కాబట్టి పెత్తనమంతా అత్త గౌరవ్వది. అల్లుడు గడప తొక్కితే గౌరవ్వ మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి మంచం దిగేది. ఉమారాణి భర్త హన్మండ్లు ఒక ఆఫీసులో అటెండరు. రోజంతా సార్లకు తలూపి వచ్చి, మిగిలిన ఊపు బావకు ఊపేవాడు.

రోడ్డుకు ఆనుకున్న ముందర గది మాత్రం ఉమారాణిది. అందులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, లామినేషన్ మిషను, ఆమె తొమ్మిదేండ్ల నడుం నొప్పి ఉండేవి. పెండ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, దశదిన కర్మ కార్డులు ఆమె టైపు చేసి పేజీ కట్టి పంపిస్తే కామారెడ్డి ప్రెస్సులో అచ్చయ్యేవి. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆమెకు తెలిసినంత ఆ ఊళ్ళ సర్పంచులకు కూడా తెలియదు.

ఇప్పుడు ఆ గది మీద దేవరాజ్ కన్ను పడింది. బస్టాండుకు దగ్గర, రోడ్డు మీద జాగ, మొబైల్ షాపు పెడితే ఎగబడతారట. మాట గౌరవ్వ చెవిన వేశాడు. గౌరవ్వ కోడలితో రెండుసార్లు అంది, “నీకు నడిస్తే నడిపియ్యి, నడుస్తలేదంటే అల్లునికిద్దాం. ఆడిపిల్ల సంసారం నిలబడ్తది.”

నడవడం లేదని ఉమారాణి ఎన్నడూ అనలేదు. వచ్చిన కార్డు వచ్చినట్టు కొడుతూనే ఉంది.

బుధవారం పొద్దున ఆమె నీళ్ళు పట్టి వచ్చేసరికి దేవరాజ్ ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“చెల్లె, గీ కంప్యూటర్ ఆన్ అయ్యేలోపల దుబాయ్ పోయి రావచ్చు.”

“పోయి రా అన్నా. నేనేం తొందర పెట్ట.”

అతనికి అది అందలేదు. “ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేస్త. అర్ధగంట పని.”

“వద్దన్నా. ఎంకయ్య బిడ్డ పెండ్లి కార్డు ఎల్లుండి పగటీలి వరకు ప్రెస్సుకు పోవాలె. నా తెలుగు అక్షరాలు పాతదాంట్లనే వస్తయి.”

“అక్షరాలకు గూడ పాత కొత్త ఉంటదా? అ అంటే అ నే.” కుర్చీని ఒక చుట్టు తిప్పాడు. “దుబాయ్‌ల మూడొందల కంప్యూటర్లు చూసిన నేను.”

గౌరవ్వ గడప దగ్గరికి వచ్చింది. “అల్లుడు చేస్తనంటుండు గద. ఊకె చేసిపెట్టేటోడు ఎవడు దొరుకుతడు? నువ్వు పోయి ఆ కోడి సంగతి చూడు.”

ఉమారాణి పోయి కోడి సంగతి చూసింది. పోయేముందు, “డి డ్రైవు ముట్టకన్నా, నా కార్డులన్ని దాంట్లనే ఉన్నయి,” అని మాత్రం అంది. కోడి కూడా ఆ పొద్దున ఎవరి మాటకూ అడ్డం చెప్పలేదు.

ఎంకయ్యది పెద్దకొడప్‌గల్. బిడ్డ పల్లవి పెండ్లి. ఎంకయ్యకు ముగ్గురు అన్నదమ్ములు. పెద్దన్నకు, చిన్న తమ్ముడికి ఒక పొలం గట్టు పంచాయితీ వల్ల ఆరేండ్లుగా మాటల్లేవు. కార్డు మీద “ఆహ్వానించువారు” అన్న చోట నలభై మూడు పేర్లు. ఎవరి పేరు పైన, ఎవరిది కింద, ఎవరి భార్య పేరు పక్కన వేయాలి, వేరుపడ్డ మేనల్లుడిని ఏ వరుసలో పెట్టాలి, ఇదంతా మూడుసార్లు కూర్చుంటే తెగింది. మూడోసారి ప్రూఫు కాగితం మీద నలుగురు అన్నదమ్ములూ సంతకాలు పెట్టారు. ఆరేండ్లలో ఆ నలుగురూ ఒక్క కాగితం మీద చేరింది అదే. పెండ్లి కార్డులో పేరు కింద పడితే మనిషి కింద పడ్డట్టే. లేస్తే మొదట పట్టుకునేది కార్డు కొట్టినవాళ్ళ గల్లా.

గంటన్నర తర్వాత దేవరాజ్ పిలిచాడు. తెర మీద ఒక నీలం చెరువు, మంచుకొండ. పక్కన అతను, ఆ కొండను తానే మోసుకొచ్చినట్టు నిలబడి ఉన్నాడు.

పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు లేదు. దేవరాజ్ నెట్‌లోంచి ఏదో దించి, దాంట్లో ఎంకయ్య కార్డు తెరిచాడు. పల్లవి అని ఉండాల్సిన చోట ఒక డాలరు గుర్తు, రెండు కొక్కేలు, ఒక చుక్క ఉన్నాయి. పెండ్లికూతురి తాత పేరు మూడు ప్రశ్నార్థకాలైంది. ఆయన బతికున్నప్పుడు కూడా ఆయన్నెవరూ అన్ని ప్రశ్నలు అడిగి ఉండరు.

“గిదేందన్నా?”

“నీ ఫైలే కరాబున్నది చెల్లె. ఫోన్‌ల మాట్లాడితే తెలుగు అదే టైపు అయితది. లోకమంత గట్లనే చేస్తున్నది.”

ఉమారాణి లోకంతో వాదం పెట్టుకోలేదు. ఆమె వాడే అక్షరాలు ఇరవై ఏండ్లనాటివి, కామారెడ్డి ప్రెస్సువాళ్ళూ అవే వాడతారు, అవి పాత విండోసులోనే సరిగ్గా నిలబడతాయి. దానికి మందు ఆమె దగ్గరే ఉంది. ఆమెకు పని నేర్పిన కామారెడ్డి యాకూబు సార్ నాలుగేండ్ల కింద పాత విండోసు, ఆ అక్షరాలు, పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు అన్నీ ఒక్క డిస్కులో పెట్టి, ఆ డిస్కుకు ఉన్నదున్నట్టు అచ్చు తీశాడు. మొత్తం డిస్కు ఒక్క ఫైలులో ఇమిడిపోయింది. ఐఎస్ఓ ఫైలంటారు దాన్ని. “డిస్కు గీరుకపోతది బేటీ, అచ్చు గీరుకపోదు,” అని పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాడు. గౌరవ్వ ఏటా దసరా నాడు కంప్యూటరుకు, కత్తెరకు, స్టేప్లరుకు పెట్టినట్టే ఆ పెన్‌డ్రైవుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది.

ఉమారాణి సొరుగు తీసింది. కత్తెర ఉంది. స్టేప్లరు ఉంది.

“గీడ పెన్‌డ్రైవ్ ఉండాలె.”

“అదా? దాంట్లనే కదా కొత్త విండోస్ వేసింది. ఖాళీదే ఉండె. ఒక్కటే ఫైలుండె, ఏదో సినిమా అనుకొని ఒత్తిన, ఆడలే.”

“మరి ఆ ఫైలు?”

“కొత్తది రాస్తే పాతది మొత్తం తుడుచుకపోతది చెల్లె,” అన్నాడు దేవరాజ్, చిన్నపిల్లకు చెప్పినట్టు. “ఆ మాత్రం తెల్వకుంట షాపు ఎట్ల నడుపుతున్నవ్?”

ఉమారాణి సొరుగు మూసింది. ఇల్లు మండుతుంటే నీళ్ళకుండను కూడా మంటలో పారేసి, కుండ ఖాళీదేనని చెప్పే మనిషితో ఏం మాట్లాడుతుంది. చేతులు కడుక్కుని అతనికి అన్నం పెట్టింది. కోడికూరలో కారం తగ్గిందన్నాడు.

సంగతి సాయంత్రానికి గౌరవ్వకు చేరింది, అల్లుడి నోటి నుంచి. మిషను పాతబడింది, అక్షరాలు చెడిపోయాయి, ఇక దాంతో ఏమీ కాదు అని. హన్మండ్లు యథాప్రకారం తలూపాడు.

“నేను ముందుగాలనే చెప్పిన,” అంది గౌరవ్వ. “నడవనిది పట్టుకొని ఏలాడుడెందుకు?”

“రేపు పొద్దుగూకే దాక ఆగు అత్తమ్మా. ఎంకయ్య కార్డు తెర మీద నిలవడకపోతే గది నేనే ఊడ్చి అన్నకిస్త. నిలవడ్డదనుకో, మళ్ళ ఆ గది మాట ఎవ్వలు ఎత్తొద్దు.”

గౌరవ్వ ఒక్క క్షణం కోడలి మొహం చూసి, “సరె,” అంది. దేవరాజ్ నవ్వాడు. అప్పుడే గది కొలతలు తీసుకున్నాడని ఉమారాణికి తెలుసు, టేపు ఆమెదే.

గురువారం మొదటి బస్సుకు ఆమె కామారెడ్డి పోయింది. సిరిసిల్ల రోడ్డులో యాకూబు కంప్యూటర్ సెంటరు ఉన్న గదిలో ఇప్పుడు అతని కొడుకు హెల్మెట్లు అమ్ముతున్నాడు. యాకూబుకు మూలన ఒక టేబులు, దాని మీద ఒక కంప్యూటరు మిగిలాయి. సంగతంతా విని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎవరు చేసిండ్రు గీ ఘనకార్యం?”

“మా ఇంటి అల్లుడు సార్. దుబాయ్‌ల మూడొందల కంప్యూటర్లు చూసిండట.”

“చూసిండా, చేసిండా?”

“చూసిననే అన్నడు.”

“అయితే అబద్ధం చెప్పలే పాపం. నేను గూడ చార్మినార్ చూసిన. కట్టుమంటే కడ్తనా?”

ముసలాయన తన హార్డ్‌డిస్కు తెరిచాడు. దాంట్లో తన దగ్గర నేర్చుకున్నవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. “ఉమారాణి, ఎల్లారెడ్డి” అన్న చోట ఆ ఫైలు నాలుగేండ్లుగా కూర్చునే ఉంది. బిడ్డకు పుట్టింట్లో ఒక చీర దాచినట్టు.

ఆమె కొత్త పెన్‌డ్రైవు పెట్టి, ఫైలును పట్టుకుని అందులోకి లాగబోయింది. యాకూబు ఆమె చేయి ఆపాడు.

“గట్ల గాదు. ఫైలు తీసి పెన్‌డ్రైవ్‌ల పెడితే అది ఫైలు లెక్కనే పడుంటది. కోడిగుడ్డు తెచ్చి సందూకల పెడితే పిల్ల అయితదా? పొదగెయ్యాలె. దీన్ని విప్పి, కంప్యూటర్ నిద్ర లేవంగనే దీని మొహమే చూసేటట్టు రాయాలె. దానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉన్నది. నువ్వే చెయ్, నేను చూస్త.”

మొదటిసారి తప్పు చేసింది. రెండోసారి కుదిరింది. ఏ కీ నొక్కితే కంప్యూటరు పెన్‌డ్రైవు వైపు తిరుగుతుందో, సి డ్రైవు మాత్రమే తుడిచి డి డ్రైవును ఎట్లా విడిచిపెట్టాలో ఆమె చీటీ మీద రాసుకుంది. యాకూబు ఇంకో పెన్‌డ్రైవు తీసి అందులో ఫైలును ఫైలుగానే వేసి ఇచ్చాడు.

“గిది బియ్యం డబ్బాల దాచుకో. మీ దుబాయాయన బియ్యం కడిగేటోడు గాదు గద?”

“ఏడు జన్మలెత్తినా కాదు సార్.”

రెండు గంటలకు ఎల్లారెడ్డిలో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ముందర గదిలో ఎంకయ్య ఉన్నాడు. చేతిలో ఒక కాగితం. దేవరాజ్ కుర్చీలో నుంచి లేచి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. గౌరవ్వ గడపలో కూర్చుంది.

జరిగిందేమిటంటే, ప్రూఫు ఇంకోసారి చూసుకుందామని ఎంకయ్య వచ్చాడు. చెల్లె రాకముందే పని చక్కబెట్టి చూపిద్దామని దేవరాజ్ పాత ప్రూఫు చూసి పేర్లన్నీ ఫోనులో పలికి టైపు చేయించి అచ్చు తీసి ఇచ్చాడు. ఫోను విన్నంత విన్నది. నలభై మూడు పేర్లలో ముప్పై తొమ్మిది వచ్చాయి.

“రా బిడ్డా, జర ఇది చదువు,” అన్నాడు ఎంకయ్య. గొంతు పెంచలేదు. “మా పెద్దన్న పేరు మా బామ్మర్ది కిందికి పోయింది. మా చిన్నోని పేరే లేదు. మా అమ్మ పేరు మగపెండ్లి వాళ్ళ దిక్కు కలిసింది. గిది పెండ్లి కార్డా, వరదల కొట్టుకపోయినోళ్ళ లిస్టా?”

“ఓ రెండు పేర్లు అటిటు అయినయి. సరిజేస్త,” అన్నాడు దేవరాజ్.

“నువ్వు సరిజేస్తవు. మావోళ్ళు కట్టెలు పట్టుకొని వస్తే వాళ్ళను గూడ నువ్వే సరిజెయ్యాలె.”

“కాకా, ఒక్క గంట కూసో,” అంది ఉమారాణి. “మీ నలుగురు సంతకం పెట్టిన కార్డు అట్లనే చూపిస్త.”

చెప్పులు విప్పి, తన కుర్చీలో కూర్చుని, కొత్త పెన్‌డ్రైవు గుచ్చింది.

“పాతది ఎక్కది చెల్లె,” అన్నాడు దేవరాజ్ వెనకనుంచి. “కొత్తది ఉన్నదాంట్ల పాతది ఎక్కనియ్యదు.”

ఆమె చీటీ చూసి కీ నొక్కింది. తెర నల్లబడింది. రెండు పెన్‌డ్రైవుల పేర్లు కనిపించాయి, రెండూ ఒకే రకంగా. ఒకటి ఎంచుకుంది. గిరగిరా తిరిగి తిరిగి ఎదురుగా వచ్చింది దేవరాజ్ వేసిన కొత్త విండోసు వాకిలే.

“నేను చెప్పలే?”

గడపలో అత్త, బెంచీ మీద ఎంకయ్య, కిటికీ దగ్గర దేవరాజ్, ముగ్గురి చూపులూ ఉమారాణి వీపు మీదే ఉన్నాయి. పెట్టింది ఒక్క పెన్‌డ్రైవు, కనిపించినవి రెండెందుకని ఆలోచించింది. లేచి కంప్యూటరు డబ్బా వెనక్కి తొంగి చూసింది. అక్కడ నిన్న దేవరాజ్ గుచ్చిన పెన్‌డ్రైవు గుచ్చినట్టే ఉంది. పని అయ్యాక తీయాలన్నది మూడొందల కంప్యూటర్లలో ఒక్కటి కూడా అతనికి చెప్పినట్టు లేదు.

దాన్ని లాగి టేబులు మీద పెట్టింది. మళ్ళీ కీ నొక్కింది. ఈసారి ఒక్క పేరే వచ్చింది. పాత విండోసు గుర్తు మెల్లగా తెర మీద తెల్లవారినట్టు తేలింది. సి డ్రైవు ఎంచుకుంది, డి ని వదిలింది, సరే అని నొక్కింది.

గౌరవ్వ చూపు మాత్రం తెర మీద లేదు. టేబులు దగ్గరికి వచ్చి ఆ పాత పెన్‌డ్రైవును చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది.

“గిది నేను పసుపు పెట్టేది గద. పసుపేది?”

ఉమారాణి తెర నుంచి కళ్ళు తిప్పలేదు. కోడలు చెప్పాల్సిన మాట కాదది.

“అంత జిడ్డు జిడ్డు ఉండె అత్తా,” అన్నాడు దేవరాజ్. “గోరుతోటి గీకి, పెట్రోల్ గుడ్డతోటి తుడిసిన. పసుపుంటే కరెంట్ పారది.”

“నాలుగు దసరాల సంది ఉన్నది. పారలేదా?”

“అదంతా మీకు సమజ్ కాదత్తా.”

“గిది సమజ్ కాదు నాకు.” గౌరవ్వ కంప్యూటరు వైపు చూపించింది. “బొట్టు సమజైతది. బొట్టు పెట్టినదాని బొట్టు తుడిసినవు, దాని కడుపుల ఉన్నది గూడ తుడిసినవు. మా ఇండ్లల్ల బొట్టు ఎప్పుడు తుడుస్తరో ఎరుకేనా నీకు?”

దేవరాజ్ కూర్చుందామని చుట్టూ చూశాడు. అల్లుడికి ఆ ఇంట్లో మొదటిసారి ఎవరూ కుర్చీ చూపించలేదు.

చాయ్ పట్టుకొచ్చిన సాయిలత అదంతా విని, వదిన పక్కన గ్లాసు పెడుతూ చెవిలో మెల్లగా అంది, “వదినె, అక్కడ ఆఫీసులల్ల ఆయనది తుడిసే పనే. రోజుకు మూడొందల కంప్యూటర్ల దుమ్ము.”

ఉమారాణి గ్లాసు తీసుకుంది. తుడిచే పనిలో తప్పేమీ లేదు; ఆమె కూడా రోజూ ఈ ఇల్లంతా తుడిచేదే, ఎవరికీ తాను తాపీమేస్త్రీనని చెప్పుకోలేదు. “అందుకేనా, పసుపు ఇంత సాఫుగ పోయింది,” అంది. సాయిలత కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

నలభై నిమిషాలు పట్టింది. కార్డు తెరవగానే మొదట గణపతి వచ్చాడు, తర్వాత పల్లవి వచ్చింది, ఆ తర్వాత పెండ్లికూతురి తాత ప్రశ్నలన్నీ తీరి సుఖంగా కనిపించాడు. ఎంకయ్య తెర మీద వేలు పెట్టి పేర్లు ఒక్కొక్కటే చదివాడు. పెద్దన్న పైన. చిన్నోడు తన వరుసలో. వేరుపడ్డ మేనల్లుడు ఎటూ కాకుండా, ఎవరికీ కోపం రాకుండా, మధ్యలో. నలభై మూడు.

“నీ కోడలు పెట్టిన పేరు పెట్టిన కాడనే ఉంటది అవ్వా,” అన్నాడు గౌరవ్వతో. “వేరేటోడైతే మా ఇంట్ల పెండ్లికన్న ముందుగాల పంచాయితీ అవుతుండె.”

శుక్రవారం పొద్దున ఫైలు ప్రెస్సుకు పోయింది. ఆ సాయంత్రం దేవరాజ్ గది మాట మెల్లగా ఎత్తబోతే, గౌరవ్వ చేట చెరుగుతూ, తలెత్తకుండా అంది, “బీర్కూర్‌ల మీ ఇంటి ముందర జాగ లేదా అల్లుడా? ఎవలి వాకిట్ల వాళ్ళు పెట్టుకుంటే బర్కత్ ఉంటది.” హన్మండ్లు అలవాటు కొద్దీ తలూపాడు. ఊపాక, ఈసారి ఊపింది తల్లికని తెలుసుకుని ఇంకోసారి ఊపాడు.

ఆ మరుసటి వారం దేవరాజ్ ముందర గదిలోకి వచ్చాడు. కుర్చీలో కాదు, ఎంకయ్య కూర్చున్న బెంచీ మీద కూర్చున్నాడు. బీర్కూర్ షాపుకు బోర్డు కావాలి.

“పేరు కింద ఏం రాయమంటవ్ అన్నా?”

“కంప్యూటర్ ఇంజనీర్, దుబాయ్ అని రాయి చెల్లె. పెద్దక్షరాల.”

ఉమారాణి పెద్ద అక్షరాలతోనే కొట్టింది. ప్రూఫు తీసి, అందరి చేతికి ఇచ్చినట్టే అతని చేతికీ ఇచ్చింది.

“సాఫుగ చదువుకొని సంతకం పెట్టన్నా. తర్వాత తప్పని ఎవరన్న అంటే నాకు పూచీ లేదు.”

అతను రెండుసార్లు చదివి, సంతృప్తిగా సంతకం పెట్టాడు. ఉమారాణి కూడా ఒకసారి చూసుకుంది. అక్షరాల్లో ఒక్క తప్పు లేదు.